పెరట్లో దొరికిన విక్టోరియా బిళ్ల: చింతపండు పక్కన పెట్టి ముందు టార్చ్ తీయండి

తర్వాత చదివేవాళ్ల కోసం ముందుగా ప్రశ్న క్లుప్తంగా: ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో అద్దె ఇంటి పెరట్లో మెంతికూర మడి కోసం తవ్వుతుంటే జానెడు లోతులో ఒక గుండ్రటి బిళ్ల దొరికింది. 38 మి.మీ. అడ్డం, దాదాపు 3 మి.మీ. మందం, వంటింటి త్రాసు మీద 21 గ్రాములు. పైన చిన్న రంధ్రం. ఒకవైపు ఆడమనిషి తల, దాని పక్కన ‘విక్టో’ దాకా అక్షరాలు. రెండోవైపు మధ్యలో గోపురంలాంటి కట్టడం, దానికి అటూ ఇటూ కాళ్లెత్తి నిలబడ్డ జంతువులు, కింద 18, తర్వాత చెరిగిపోయిన అంకె, తర్వాత 7. ఒళ్లంతా బూడిదరంగు పొక్కులు. వెండేనా? ఎలా శుభ్రం చేయాలి? అమ్మితే ఎంత వస్తుంది? సంక్రాంతికి వెళ్లేటప్పుడు ఇండియా తీసుకెళ్లొచ్చా? మామగారు మాత్రం చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుందంటున్నారు.

నమస్తే అండీ. మామగారి సలహాతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ ఆగుతాయి గానీ అది ఈ సాయంత్రమే జరిగిపోవచ్చు. చింతపండు వద్దు. నిమ్మకాయ, వెనిగర్, పీతాంబరి, టూత్‌పేస్టు, కోకాకోలా కూడా వద్దు. ఇత్తడి బిందెకూ రాగి చెంబుకూ చింతపండును మించింది లేదు, నిజమే. అక్కడ పైన పట్టిన పల్చటి చిలుమును ఆ పులుపు కరిగించేస్తే కింద గట్టి లోహం బయటపడుతుంది. మీ బిళ్ల కింద అలాంటి గట్టి లోహం ఎక్కడ ఎంత మిగిలిందో పైనుంచి చూస్తే తెలియదు. తోమితే పొక్కులతోపాటు రాణిగారి ముక్కు, అక్షరాలు, సంవత్సరం అన్నీ సింకులోకి పోతాయి.

నా అంచనా ఇది. మీది వెండి కాదు. ఎక్కువగా తగరం ఉండి, ఇక్కడివాళ్లు వైట్ మెటల్ అని పిలిచే మిశ్రమ లోహం. విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన 1887లోనో, 60 ఏళ్లు నిండిన 1897లోనో బడిపిల్లలకు పంచిన స్మారక పతకం అయ్యే అవకాశమే ఎక్కువ. డబ్బుగా చూస్తే విలువ లేనట్టే. మీ ఊరి చరిత్రకు మాత్రం ఏదో కొంత పనికిరావచ్చు. ఎంత పనికొస్తుందన్నది వెనకవైపు ఇంకా ఎన్ని అక్షరాలు బతికున్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే మెరిపించడం సంగతి వదిలేసి చదవడం మీద దృష్టి పెట్టండి.

వెండి కాదని ఇంత గట్టిగా ఎలా అంటున్నానంటే, మీరిచ్చిన కొలతల వల్లే. చాలామంది మసక ఫోటో ఒకటి పెట్టి ఊరుకుంటారు, మీరు తూకం కూడా వేశారు, సంతోషం. 38 మి.మీ. అడ్డం, 3 మి.మీ. మందం ఉన్న బిళ్ల ఘనపరిమాణం సుమారు 3.4 ఘన సెంటీమీటర్లు. అది వెండైతే 35 గ్రాములకు పైనే తూగాలి. సీసమైతే 38. కంచు అయితే 30 దగ్గర్లో. అల్యూమినియం అయితే 9 గ్రాములే. తగరం సాంద్రత 7.3, అంటే 25 గ్రాముల దగ్గర ఉండాలి. మీది 21. ఇలాంటి పతకాలకు అంచు లేచి ఉండి మధ్యభాగం కాస్త పల్చగా ఉంటుంది, పైగా మట్టిలో కొంత లోహం పొక్కుగా మారి తేలికైపోయింది. ఆ రెండూ లెక్కేసుకుంటే తగరానికే సరిపోతుంది. నీళ్లలో ముంచి సాంద్రత కచ్చితంగా తీసే పద్ధతి ఒకటుంది గానీ, పొక్కులున్న వస్తువును ముంచితే గాలి బుడగలు చేరి లెక్క తప్పుతుంది. మీకు దాని అవసరం లేదు.

అల్యూమినియం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ విడివిడిగా విద్యుత్తుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టేదాకా అది ఖరీదైన లోహం. ఆ తర్వాత ధర పడిపోయింది. లండన్ పికడిలీ సర్కస్‌లో అందరూ ఈరోస్ అని పిలిచే విగ్రహాన్ని 1893లో దానితోనే పోతపోసి నిలబెట్టారు. 1897 జూబిలీ నాటికి అల్యూమినియం పతకాలు కూడా విరివిగా వచ్చాయి. అందువల్ల ఎవరికైనా ఈకలా తేలిగ్గా ఉండి, తెల్లటి పొడి రాలే విక్టోరియా పతకం దొరికితే అది 1890లలోదో ఆ తర్వాతిదో అని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు.

ఇప్పుడు మీ వైట్ మెటల్ దగ్గరికి వద్దాం. తగరంలో ఆంటిమొనీ అనే లోహం కొంత, చాలాసార్లు కొంత సీసం కూడా కలిపి దీన్ని చేసేవాళ్లు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, మెత్తన. ఉక్కు అచ్చుల మధ్య పెట్టి నొక్కితే బొమ్మ సన్నటి గీతతో సహా దిగుతుంది, అచ్చు తొందరగా అరగదు, కొత్తలో చూడటానికి వెండిలాగే మెరుస్తుంది. వేలాది పిల్లలకు పంచాలంటే పట్టణ కౌన్సిళ్లకు ఇంతకంటే చవక బేరం లేదు. బర్మింగ్‌హామ్ కార్ఖానాలు ఈ వ్యాపారంలో ముందుండేవి. వాళ్ల పద్ధతి కూడా తెలివైనదే. రాణి తల ఉన్న అచ్చు ఒకటి సిద్ధంగా ఉంచుకునేవాళ్లు. ఏ ఊరు ఆర్డరిస్తే ఆ ఊరి చిహ్నం, మేయరు పేరు, తేదీ ఉన్న వెనకవైపు అచ్చు మాత్రం కొత్తగా చెక్కించేవాళ్లు. కాబట్టి ఒకే తల ఎన్నో ఊళ్ల పతకాల మీద కనిపిస్తుంది. తలవైపు ఎంత బాగున్నా దాన్నిబట్టి మీ పతకం ఎక్కడిదో తెలియదు. అసలు కబురంతా వెనకవైపే ఉంటుంది.

ప్రభుత్వ టంకశాల పతకాలు వేరే. 1887 అధికారిక పతకం 77 మి.మీ. అడ్డంతో అరచేతి నిండా ఉంటుంది. రాణి తల శిల్పి జోసెఫ్ బోహ్మ్ చేసింది, వెనకవైపు ఫ్రెడరిక్ లేటన్‌ది. 1897ది రెండు సైజుల్లో వచ్చింది, ఒకటి 55 మి.మీ. పైన, రెండోది 25 మి.మీ. పైన. బంగారం, వెండి, కంచు లోహాల్లో చేశారు. మీది 38 మి.మీ., తగరం. ఆ కుటుంబంలోది కాదని అక్కడే తేలిపోతుంది.

పొక్కుల సంగతి కొంచెం ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే శుభ్రం చేయొద్దని నేననడానికి కారణం అందులోనే ఉంది. తడి, ఉప్పు ఉన్న మట్టిలో తగరం మెల్లగా ఆక్సైడ్‌గా మారుతుంది. ఆక్సైడ్‌కు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే అప్పడం మీద లేచినట్టు పైకి పొక్కులు లేస్తాయి, పక్కన నల్లటి మచ్చలు పడతాయి. అయితే పొక్కు లోహం మీద అంటుకున్న మురికి కాదు. ఒకప్పుడు అక్కడున్న లోహమే అలా మారింది. పొక్కు గీకితే కింద గుంట మిగులుతుంది. పతకం కొత్తగా ఉన్నప్పటి పైతలం, అంటే బొమ్మా అక్షరాలూ ఉన్న తలం, చాలాచోట్ల ఇప్పుడు ఆ మారిన పొరలోనే నిలిచి ఉంటుంది. మ్యూజియంలో సంరక్షణ చేసేవాళ్లు మైక్రోస్కోపు కింద గంటలకొద్దీ కూర్చుని సూదిమొనతో రేణువు రేణువు తీసేది ఆ తలం ఎక్కడుందో వెతుక్కుంటూనే. మామూలు బ్రష్షుకూ యాసిడ్‌కూ ఆ తేడా తెలియదు.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇది ‘టిన్ పెస్ట్’ అనీ, మిగతా పతకాలకు అంటుకుంటుందనీ ఎవరో ఒకరు భయపెడతారు. తగరం 13.2 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దాని స్ఫటిక నిర్మాణం మారి బూడిదరంగు పొడి అయ్యే గుణం ఉన్న మాట నిజమే. అది శుద్ధమైన తగరంలో, అదీ చాలాకాలం బాగా చల్లగా ఉంటే జరిగే మార్పు. ఆంటిమొనీ, సీసం కలిసిన మిశ్రమంలో అది చాలా అరుదు. నేలలోంచి వచ్చిన వైట్ మెటల్ మీద కనిపించే పొక్కులు దాదాపు ఎప్పుడూ మామూలు క్షయమే. దాని గురించి టెన్షన్ పడకండి.

టెన్షన్ పడాల్సింది సీసం గురించి. ఎంత శాతం ఉందో పరీక్ష చేయకుండా చెప్పలేం కాబట్టి ఉందనే అనుకుని మసలండి. గ్లవ్స్ వేసుకోండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ఆకురాయితో రుద్దకండి, రాలిన పొడిని ఊదకండి. తడిపిన టిష్యూతో అద్ది పారేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల చేతికి అస్సలు ఇవ్వొద్దు. వంటింటి త్రాసును కూడా ఒకసారి తుడిచేయండి.

ఇక చదవడం. దీనికి ఖర్చు లేదు, మీ ఫోనూ ఒక టార్చీ చాలు. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పండి. నల్లటి గుడ్డ మీద బిళ్లను పెట్టి, ఫోన్‌ను సరిగ్గా పైన కదలకుండా నిలబెట్టండి. టార్చ్‌ను పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు వేయండి. అరిగిపోయిన అక్షరానికి మిగిలిన వెంట్రుకవాసి ఎత్తు కూడా అప్పుడు నీడ వేస్తుంది. ఒక ఫోటో తీసి, బిళ్లనూ ఫోన్‌నూ కదపకుండా టార్చ్‌ను మాత్రం గడియారం ముల్లులా చుట్టూ జరుపుతూ ఒక్కో దిక్కు నుంచి ఒక్కో ఫోటో తీయండి. ఒక అక్షరం ఒక కోణంలోనే కనిపిస్తుంది, పక్క కోణంలో మాయమవుతుంది. తర్వాత వాటిని నలుపు తెలుపులోకి మార్చి కాంట్రాస్ట్ పెంచి వరసగా చూడండి. ఒక చిక్కుంది: కాంతి కిందివైపు నుంచి పడిన ఫోటోలో మన కంటికి ఎత్తు పల్లంలా, పల్లం ఎత్తులా కనబడుతుంది. అలా అనిపిస్తే ఫోటోను తలకిందులు చేసి చూడండి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దే పద్ధతి మాత్రం వద్దు, ఆ ఒత్తిడికే పొక్కులు ఊడొస్తాయి.

ఏం వెతకాలో ముందే తెలిస్తే చదవడం సులువు. ముందు తల. విక్టోరియా 1837 జూన్ 20న రాణి అయ్యేనాటికి 18 ఏళ్ల పిల్ల, 1901 జనవరి 22న చనిపోయేనాటికి 81 ఏళ్ల ముసలావిడ. ఆ మధ్యకాలంలో నాణేల మీద ముఖం మారుతూ వచ్చింది, పతకాలు చేసేవాళ్లు చాలావరకు దాన్నే అనుసరించారు. జుట్టు వెనక్కి దువ్వి ముడివేసుకుని, మెడ బోసిగా ఉన్న పడుచుముఖమైతే అది విలియం వయన్ చేసిన తొలినాటి తల తరహా. నడినెత్తిన బొమ్మ కిరీటంలాంటి బుల్లి కిరీటం, దాని కింద నుంచి జారే మేలిముసుగు ఉంటే 1887 నాటి బోహ్మ్ తల. ఆ కిరీటం ఇప్పుడో ఇంకాసేపటికో జారిపడేలా ఉందని అప్పట్లోనే జనం నవ్వుకున్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. తల మీద ముసుగు నిండుగా కప్పుకుని, ముఖం వయసుతో బరువెక్కి ఉంటే థామస్ బ్రాక్ తల. అది నాణేల మీద 1893లో మొదలైంది, పతకాల మీద ఎక్కువగా 1897లో కనిపిస్తుంది. మీరు ఫోటో కింద ‘తల మీద ముడిలాంటిదేదో ఉంది’ అని రాశారు. ఆ ముడి నడినెత్తిన ఉంటే బుల్లి కిరీటం, అంటే 1887. తల వెనకభాగాన ఉంటే జుట్టు ముడి. అప్పుడు కూడా తొందరపడి 1837 అనుకోకండి. జూబిలీ పతకాల మీద పడుచు ముఖాన్నీ ముసలి ముఖాన్నీ కలిపి చూపించడం, రాణి అయిన సంవత్సరాన్నీ జూబిలీ సంవత్సరాన్నీ పక్కపక్కన వేయడం మామూలే. మీ చెరిగిన అంకె పక్కన ఇంకో సంవత్సరం దాగి ఉందేమో చూడండి.

తల చుట్టూ ఉన్న రాతలో ‘ఎంప్రెస్’ అన్న మాటలో రెండు మూడు అక్షరాలు దొరికినా మేలే. 1876లో చట్టం వచ్చాకే ఆవిడ భారత చక్రవర్తిని అనిపించుకుంది, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో దాన్ని చాటారు. ఆ మాట ఉంటే 1837, 1857, 1867 ఒక్క దెబ్బకు ఎగిరిపోతాయి.

ఇక వెనకవైపు. మధ్యలో కోట బురుజు, రెండు వైపులా దాన్ని పట్టుకున్నట్టు కాళ్లెత్తిన సింహాలు అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది మీ నార్తాంప్టన్ పట్టణ చిహ్నమే. మీరు చూసిన ‘గోపురం’ అదే అయి ఉంటుంది. టౌన్‌హాల్ దగ్గరికో, కౌన్సిల్ పాత బోర్డుల దగ్గరికో వెళ్లి పోల్చి చూడండి. కోట ఉన్న చిహ్నాలు ఇంకా ఉన్నాయి. నారిచ్‌ది కూడా కోటే, కానీ అక్కడ సింహం ఒక్కటే, కోట కింద నడుస్తూ ఉంటుంది. బ్రిస్టల్‌లో కోట పక్కన ఓడ ఉంటుంది. మీదాంట్లో జంతువులు రెండనీ, అటొకటి ఇటొకటనీ అంటున్నారు కాబట్టి నేను నార్తాంప్టన్ వైపే మొగ్గుతున్నాను. చిహ్నం చుట్టూ గానీ కింద గానీ ‘మేయర్’ అన్న మాట కోసం వెతకండి. పేరులో సగం దొరికినా చాలు. ఆ ఊరికి ఏ ఏడు ఎవరు మేయరో స్థానిక చరిత్ర విభాగంలో జాబితా ఉంటుంది, దాన్నిబట్టి చెరిగిన అంకె 8 అవుతుందో 9 అవుతుందో తేలిపోతుంది. సేకర్తలు ఇలాంటి పతకాలను లారెన్స్ బ్రౌన్ కూర్చిన ‘బ్రిటిష్ హిస్టారికల్ మెడల్స్’ కేటలాగులోని బీహెచ్ఎం నంబర్లతో గుర్తుపెట్టుకుంటారు. అది పెద్ద లైబ్రరీల్లో దొరుకుతుంది. 1837 నుంచి 1901 దాకా ఉన్నది రెండో సంపుటం.

రంధ్రం ఎందుకంటే, రిబ్బన్ గుచ్చి చొక్కాకు పిన్నుతో పెట్టుకోవడానికి. జూబిలీ రోజు పిల్లల్ని బడి నుంచి ఊరేగింపుగా తీసుకెళ్లి, పాటలు పాడించి, తినడానికి బన్నో కేకో ఇచ్చి పతకం చేతిలో పెట్టడం ఊరూరా జరిగింది. లండన్ హైడ్ పార్కులో 1887 జూన్ 22న దాదాపు 30 వేలమంది బడిపిల్లలకు విందు చేసి, గుర్తుగా జూబిలీ మగ్గులిచ్చారు. మెత్తటి తగరం రంధ్రం దగ్గర సులువుగా తెగుతుంది, పిల్లలు ఆటల్లో పారేసుకుంటారు. ఇంకో దారి కూడా ఉంది. అప్పట్లో పొయ్యి బూడిద, చెత్త, మరుగుదొడ్ల మలం అన్నీ బండ్లకెత్తి తోటలకూ పొలాలకూ ఎరువుగా తోలేవాళ్లు. గుండీలు, పైపు ముక్కలు, బొమ్మల చేతులతోపాటు పతకాలు కూడా అలా నేల చేరాయి. మీ మడిలో తెల్లటి మట్టిపైపు ముక్కలు, నీలం గీతల పింగాణీ పెంకులు కూడా వస్తుంటే మీ పతకం ఆ దారినే వచ్చి ఉండొచ్చు. అవి ఎంత లోతులో, ఎక్కడ వచ్చాయో రాసిపెట్టుకోండి.

ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చేవాళ్లలో సగంమంది చేతిలో ఉండేది పతకమే కాదు కాబట్టి వాళ్లకూ నాలుగు మాటలు. 31 మి.మీ. అడ్డం, 9 గ్రాముల పైచిలుకు, వెనక త్రిశూలం పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటే అది 1860 తర్వాతి పెన్నీ నాణెం. 22 మి.మీ. ఇత్తడి బిళ్ల మీద ఒకవైపు పడుచు విక్టోరియా, రెండోవైపు గుర్రపు రౌతు, ‘టు హానోవర్’ అని రాత, 1837 ఉంటే అది బంగారు సావరిన్ కాదండీ. ఇంగ్లండ్ సింహాసనం విక్టోరియాకు దక్కినప్పుడు, ఆడవాళ్లకు సింహాసనం లేదన్న జర్మనీలోని హానోవర్ రాజ్యం ఆమె చిన్నాన్న కంబర్లండ్ డ్యూక్‌కు వెళ్లింది. ఆయన్ను సాగనంపుతూ వెక్కిరించిన బిళ్ల అది. పేకాటలో కౌంటర్లుగా దశాబ్దాలపాటు వాడారు. బంగారమనుకుని గుండె దడతో రాసేవాళ్లను ఏటా చూస్తుంటాను. మరొకటి మాత్రం జాగ్రత్త: 36 మి.మీ. వెండి పతకం, అంచు మందం మీద చుట్టూ ఒక మనిషి పేరు, నంబరు, రెజిమెంటు ఉంటే అది సైనికుడికి ఇచ్చిన యుద్ధ పతకం. దాని విలువంతా ఆ అంచులోనే ఉంటుంది, అంచును రుద్దకుండా తెలిసినవాళ్లకు చూపించండి.

మీ పతకానికి ఇప్పుడు చేయాల్సింది చాలా కొంచెం. మట్టి ఇంకా తడిగా ఉంటే ఎండలోనో హీటర్ మీదో పెట్టకుండా నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తర్వాత మెత్తటి మేకప్ బ్రష్షుతో వదులుగా ఉన్న మట్టిని మాత్రమే దులపండి. గట్టిపడిన మట్టి ముద్ద ఒక అక్షరం మీద ఉందనిపిస్తే, డిస్టిల్డ్ వాటర్ చుక్క ఒకటి వేసి, వెదురు టూత్‌పిక్ మొనతో మట్టిని మాత్రం లేపండి, వెంటనే అద్దేయండి. కుళాయి నీళ్లు వద్దంటున్నది వాటిలో క్లోరైడ్లు ఉంటాయి కాబట్టి. మొన కింద మట్టికి బదులు బూడిదరంగు పెళుసు పొర కనిపించిందంటే ఆగిపోండి. ఆలివ్ నూనెలో నానబెట్టమని చాలామంది చెప్తారు, నేను చెప్పను. నూనె నెమ్మదిగా ఆమ్లంగా మారుతుంది, పొరల్లోకి ఇంకాక తీయడం ఎవరి వల్లా కాదు. ఎలక్ట్రాలిసిస్, అల్ట్రాసోనిక్ తొట్టి రెండూ ఇలాంటి వైట్ మెటల్‌ను ముక్కలు చేసేవే. మైనం పూత గురించి అడుగుతారేమో. బ్రిటిష్ మ్యూజియంలో తయారైన రెనసాన్స్ వ్యాక్స్ గట్టి తలాలకు బాగుంటుంది, కానీ పొక్కులు లేచిన దానికి గుడ్డతో రుద్ది పూయడమే ప్రమాదం.

దాచడానికి పాలిథీన్ జిప్ కవరు, అందులో సిలికా జెల్ పొట్లం, బయట ఒక ప్లాస్టిక్ డబ్బా చాలు. పాత ఓక్ చెక్క డ్రాయరు చూడటానికి హుందాగా ఉంటుంది గానీ, ఆ చెక్క నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లపొడి చేస్తుంది. అట్టపెట్టెలు, ఎండీఎఫ్ చెక్క కూడా అంతే. నాణేలు పెట్టుకునే పీవీసీ ఆల్బమ్ కూడా వద్దు.

ఎవరికైనా దొరికింది కంచు పతకమైతే లెక్క మారుతుంది. ముదురు ఆకుపచ్చగా, నున్నగా, గట్టిగా ఉన్న చిలుము పతకానికి రక్షే, దాన్ని ముట్టుకోవద్దు. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా లేచి, తుడిచినా కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంటే మాత్రం అది కంచుకు పట్టే జబ్బు. మట్టిలోని క్లోరైడు లోపల రాగితో కలిసి కూర్చుంటుంది. గాలిలో తేమ తగలగానే అది లేతపచ్చ పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం మళ్లీ కొత్త రాగిని తింటుంది. ఆగని చక్రం అది. గాలిలో తేమ 40 శాతం లోపు ఉంచితే నిద్రపోతుంది, అందుకే సిలికా జెల్. సంరక్షకులు బెంజోట్రయజోల్ ద్రావణం వాడతారు గానీ అది ఒంటికి మంచిది కాని రసాయనం, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

ధర సంగతి సూటిగా చెప్తాను. తళతళలాడే వైట్ మెటల్ బడి పతకాలే మామూలుగా కొన్ని పౌండ్లకు దొరుకుతాయి. పొక్కులున్నదానికి కొనేవాళ్లుండరు. ఆన్‌లైన్‌లో ‘అరుదైనది’ అని పెద్ద అంకె వేసి పెట్టినవి చూసి ఆశపడకండి. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు.

చట్టం మాటకొస్తే, ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం కింద మీరు కరోనర్‌కు, అంటే నేలలో దొరికిన నిధుల మీద విచారణ చేసే అధికారికి, చెప్పాల్సిన వస్తువు కాదిది. ఆ చట్టం ప్రధానంగా 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి వస్తువుల కోసం. 2023 జూలైలో ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్న లోహ వస్తువులను కూడా చేర్చారు గానీ వాటికీ 200 ఏళ్లు దాటాలి. స్కాట్లండ్‌లో నియమాలు వేరు, అక్కడ నేలలో దొరికిన వాటి మీద హక్కు రాజ్యానిదే కాబట్టి అక్కడివాళ్లు ట్రెజర్ ట్రోవ్ యూనిట్‌కు రాయాలి. జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అధికారులు ప్రధానంగా 1700కు ముందు వస్తువులనే నమోదు చేస్తారు. అయినా ఒక ఈమెయిల్ పెట్టడంలో నష్టం లేదు, ఊరి పేరు చదవగలిగితే స్థానిక మ్యూజియానికి కూడా పెట్టండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది: ఇది ఎవరిది? అద్దె ఇల్లన్నారు. నేలలో పాతుకుపోయి ఉన్న వస్తువు మామూలుగా ఆ నేల యజమానికి చెందుతుంది, తవ్వినవాళ్లకు కాదు. ఫార్న్‌హామ్‌లో ప్రజల పార్కులో ఒకాయన మెటల్ డిటెక్టర్‌తో మధ్యయుగపు బంగారు బ్రూచ్ తీస్తే, 1995లో అప్పీలు కోర్టు దాన్ని పార్కు యజమానైన కౌన్సిల్‌కే ఇచ్చింది. మీ ఓనర్ ఈ తగరం బిళ్ల కోసం గొడవపడతారని కాదు. ఫోటో పంపి ‘ఉంచుకోవచ్చా’ అని ఒక్క మెసేజ్ పెట్టి, సరేనన్న జవాబు దాచుకోండి.

సంక్రాంతి ప్రయాణానికి ముందు ఇంకోటి చూసుకోవాలి. బ్రిటన్ నేలలోంచి తీసిన, 50 ఏళ్లు దాటిన పురావస్తువులను దేశం దాటించాలంటే విలువ ఎంత తక్కువైనా ఎగుమతి లైసెన్సు అడిగే నియమం ఉంది. దుకాణంలో కొన్న పాత పతకానికి లేని చిక్కు తవ్వి తీసినదానికి ఉంటుంది. లైసెన్సులు ఇచ్చేది ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్. మీ వస్తువు దాని కిందికి వస్తుందో లేదో వాళ్లనే ముందుగా రాతపూర్వకంగా అడగండి. మామగారికి చూపించాలన్నదే కోరికైతే ఆ టార్చ్ ఫోటోలు చాలు. ఆయనకు ఈ జూబిలీ మీద ఆసక్తి కలిగితే విజయవాడలో బాపు మ్యూజియం చూడమనండి, పాత భవనం ఈ 1887 జూబిలీ పేరు మీదే కట్టింది.

ఇండియాలో మన నేలలో ఇలాంటిది దొరికితే ఏంటని కింద ఒకరు అడిగారు. అక్కడ 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, వాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

ఫోటోలు తీశాక ఇక్కడే పెట్టండి. వెనకవైపు కింది అంచు, ఎడమ పక్కనుంచి వెలుతురు పడ్డది ముందు పెట్టండి. సంవత్సరం, మేయరు పేరు ఉంటే ఎక్కువగా అక్కడే ఉంటాయి.